కంటికి కనపడని పందేన్ని ఎలా చూడాలి?

నమస్కారమండీ. ఈరోజు మనం మాట్లాడుకునే ఆటలో పోటీదారులు నీళ్ల కింద ఉంటారు, ప్రేక్షకులు గట్టు మీద ఉంటారు. సబ్‌మెరైన్ రేసింగ్. ఈ మాట ఎత్తగానే "అందులో చూడటానికి ఏముంటుంది?" అంటారు చాలామంది. ఉంది. చాలా ఉంది. ఎటు చూడాలో తెలిస్తే చాలు.

ముందు ఒక సంగతి. ఇవి నౌకాదళాల పెద్ద సబ్‌మెరైన్లు కావు. మనుషులు పెడల్ తొక్కి నడిపే చిన్నవి. వీటిని తయారు చేసేది ఎక్కువగా ఇంజనీరింగ్ విద్యార్థులే. ఇంటర్నేషనల్ సబ్‌మెరైన్ రేసెస్ అనే ఈ పోటీలు 1989లో ఫ్లోరిడా తీరాన, సముద్రంలో మొదలయ్యాయి. 1995 నుంచి అమెరికా నౌకాదళానికి చెందిన డేవిడ్ టేలర్ మోడల్ బేసిన్‌లో జరుగుతూ వస్తున్నాయి. మేరీల్యాండ్‌లో, కార్డెరాక్ అనే చోట ఉందది. ఓడల నమూనాలను నీటిలో లాగి పరీక్షించే పొడవాటి తొట్టి. నమూనాలను లాగే బండి కోసం వేసిన పట్టాలు భూమి వంపుకు తగ్గట్టుగా ఉంటాయి. అంత పొడవులో నీటి మట్టం కూడా ఆ వంపునే అనుసరిస్తుంది మరి! ఆ విషయం తెలిసిన రోజు నాకు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. యూరప్ పోటీలు 2012లో ఇంగ్లండ్‌లోని గోస్పోర్ట్‌లో మొదలయ్యాయి. అక్కడ తిన్నని పరుగుతో సరిపోదు, మలుపులు కూడా తిరగాలి.

సరే, ఇప్పుడు సబ్‌మెరైన్ లోపలికి వెళ్దాం. లోపల గాలి ఉంటుందనుకుంటాం కదా? ఉండదు. నిండా నీళ్లే. నడిపే మనిషి స్కూబా సిలిండర్‌తో ఊపిరి పీలుస్తూ బోర్లా పడుకుని ఉంటాడు. కాళ్లు పెడల్ మీద, ముఖం సబ్‌మెరైన్ పారదర్శకమైన ముక్కు దగ్గర. ఇద్దరు కూర్చునే రకమైతే ఒకరు దారి చూసుకుంటారు, మరొకరు తొక్కుతారు. ఒక్కరే ఉంటే రెండు పనులూ వాళ్లవే. ప్రొపెల్లర్ బదులు చేప తోకలా ఊగే రెక్కలతో నడిచేవి కూడా పోటీకి వస్తాయి. వాటికి వేరే విభాగం ఉంది.

బయలుదేరేటప్పుడు మనిషి బరువుతో పాటు లోపలున్న నీటి బరువును కూడా కదిలించాలి. మొదటి కొన్ని సెకన్లు కాళ్ల ప్రాణం తీసేస్తాయి. తర్వాత ఇంకో చిక్కు. నీటిలో వేగం రెట్టింపు కావాలంటే నిరోధం నాలుగింతలవుతుంది, దాన్ని దాటడానికి పెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలు. కాళ్లేమో అవే కాళ్లు! అందుకే ఇక్కడ గెలుపు కండల్లోనే ఉండదు. పొట్టు, అంటే సబ్‌మెరైన్ బయటి తొడుగు, ఎంత నున్నగా ఉంది, ప్రొపెల్లర్ రెక్క ఏ కోణంలో తిరిగింది, దాని మీద కూడా ఉంటుంది.

ఇక రికార్డు. 2007లో కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన ఎకోల్ డి టెక్నాలజీ సుపీరియర్ విద్యార్థుల సబ్‌మెరైన్, పేరు ఓమర్ 5, 8.035 నాట్ల వేగం అందుకుంది. అంటే గంటకు దాదాపు 15 కిలోమీటర్లు. "ఇంతేనా, సైకిల్ మీద పోతాం కదా" అనకండి. ప్రపంచ స్థాయి ఈతగాడు 50 మీటర్లు ఈదడానికి సుమారు 21 సెకన్లు తీసుకుంటాడు. ఆ వేగంతో ఓమర్ 5 అదే సమయంలో 85 మీటర్లు దాటేస్తుంది. అదీ నీళ్ల కింద, నీళ్లు నిండిన పొట్టును మోసుకుంటూ!

ఇప్పుడు అసలు విషయం. ఈ రేసుల వీడియోలు చూసేటప్పుడు నేను సబ్‌మెరైన్ కోసం వెతకడం మానేశాను. నీటి మీద బుడగలు చూస్తాను. ఊపిరి వదిలిన ప్రతిసారీ ఒక గుత్తి పైకి వస్తుంది. గుత్తికీ గుత్తికీ మధ్య దూరం పెరుగుతోందా, వేగం పుంజుకుంటోందన్నమాట. గీత పక్కకు వంగిందా, దారి తప్పుతోంది. మరీ దగ్గరదగ్గరగా గుత్తులు వస్తున్నాయా, లోపల మనిషి అలసిపోయి రొప్పుతున్నాడు. ఒక్కోసారి బుడగలు బయటికి పోక పొట్టు పైకప్పు కింద చిక్కుకుంటాయి. అప్పుడు ముక్కు పైకి లేస్తుంది, ఉన్నట్టుండి సబ్‌మెరైన్ నీటిపైకి తేలుకుంటూ వస్తుంది. గట్టు మీద జట్టు మొత్తం నెత్తిన చేతులు పెట్టుకుంటుంది. ఆ టెన్షన్ ఏ ఆటకు తక్కువ చెప్పండి?

నాకు బాధ కలిగించేది ఒక్కటే. దీన్ని చూపించే తీరు ఇంకా పసిదశలో ఉంది. తెరచాప పడవల పందేలు కూడా ఒకప్పుడు ఇంతే. ఎవరు ముందున్నారో తెలిసేది కాదు. అమెరికాస్ కప్‌లో లైవ్‌లైన్ అనే పద్ధతి తెచ్చి, టీవీ తెర మీద పడవల ముందు గీతలు గీసి, దూరాలు చూపించాక ఆట మొత్తం అర్థమైంది. అయితే అది జీపీఎస్ ఆధారంగా జరిగింది, నీళ్ల కిందికి జీపీఎస్ సిగ్నల్ అందదు. కానీ తొట్టిలో పరిగెత్తే దారి కొలిచి పెట్టినదే కదా. దారి పొడవునా కెమెరాలు పెట్టి, ముందటి పరుగును తెర మీద నీడలా పక్కనే నడిపిస్తే? సబ్‌మెరైన్లు ఒకదాని తర్వాత ఒకటి గడియారంతో పోటీ పడుతుంటాయి కాబట్టి, ఆ నీడే ప్రత్యర్థి అవుతుంది. నిమిషానికి ఎన్నిసార్లు తొక్కుతున్నారో ఒక మూల చూపిస్తే చాలు, మన కాళ్లు కూడా కదులుతాయి.

ఇంకొకటి కూడా చూపించాలి. లోపలి మనిషి చేతిలో ఒక పిడి ఉంటుంది. పట్టు వదిలితే చాలు, ఒక బంతి దానంతట అదే పైకి తేలుతుంది, గజ ఈతగాళ్లు వెంటనే దూకుతారు. స్పృహ తప్పినా ప్రాణం కాపాడే ఏర్పాటు అది. అంటే పరుగు పొడవునా ఆ చెయ్యి బిగిసే ఉండాలి. కాళ్లు మండుతున్నా, ముఖానికి చల్లటి నీళ్లు తగులుతున్నా, వేళ్లు మాత్రం వదలకూడదు. ఒక కెమెరా ఆ చేతి మీద పెట్టండి. నేను తెర ముందు నుంచి లేవను.

ఈసారి ఏదైనా రేసు వీడియో కనపడితే ముందు సౌండ్ ఆపి బుడగల గీత ఒక్కటే చూడండి. ఎక్కడ అలసిపోయారో, ఎక్కడ వంకర పోయారో మీరు పట్టగలిగారా లేదా, కింద కామెంట్‌లో రాయండి. ఉంటానండీ.