కారణం అనే గడిలో ఏం రాశారు? (గుంటూరులో మిల్లు కార్మికుల మీటింగ్‌లో మాట్లాడింది)

అందరికీ నమస్కారం అండి. ముందు వరసలో ఉన్న అక్కలు కొంతమంది షిఫ్ట్ దిగి అట్నుంచి అటే వచ్చేశారు, జుట్టులో దూది ఇంకా అలాగే ఉంది, అందుకని ఎక్కువసేపు కూర్చోబెట్టను.

మా అమ్మ కూడా మిల్లులోనే చేసింది, కోన్ వైండింగ్‌లో, అంటే నూలు కోన్లకి చుట్టే చోట, పదకొండేళ్లు. దారం తెగితే చూడకుండా ముడి వేసేది, కరెంటు పోయినప్పుడు చీకట్లో మల్లెపూలు కడుతుంటే కూడా ఆ వేళ్లు అదే వేగంతో ఆడేవి, నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. 2006లో ఒకరోజు ఆఫీసుకి పిలిచి, ఆర్డర్లు లేవమ్మా, సంతకం పెడితే సెటిల్‌మెంట్ డబ్బులు వెంటనే ఇచ్చేస్తాం అన్నారు. పెట్టేసింది. ఆ కాగితంలో కారణం అన్న చోట "సొంత పనుల వల్ల మానేస్తున్నాను" అని ముందే టైప్ చేసి ఉంది. అమ్మకి చదువు రాదు, చదివి చెప్పినవాళ్లూ లేరు.

ఆ ఒక్క లైను వల్ల ఏం పోయిందో మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1986 సెప్టెంబర్ నుంచి కేంద్రంలో టెక్స్‌టైల్ వర్కర్స్ రిహాబిలిటేషన్ ఫండ్ అని ఒకటి ఉండేది. మిల్లు శాశ్వతంగా మూతపడి, వర్కర్‌కి ఐదేళ్ల సర్వీసు ఉంటే మొదటి ఏడాది జీతంలో 75 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 25 ఇచ్చేవాళ్లు. వినడానికి బానే ఉంది, కానీ మిల్లు "శాశ్వతంగా" మూతపడాలి, అది కూడా చట్టప్రకారం. మన దగ్గర మిల్లులు అలా మూతపడతాయా అండి? ముందు ఒక షిఫ్ట్ ఆపుతారు, తర్వాత వారానికి మూడు రోజులే పని అంటారు, తర్వాత గేటుకి తాళం పడుద్ది కానీ రికార్డులో మాత్రం మిల్లు నడుస్తూనే ఉంటది. ఇంక రాజీనామా పెట్టినవాళ్ల సంగతి అడగనే అక్కర్లేదు, వాళ్లు అసలు లెక్కలోకే రారు. ఆ ఫండ్‌ని కూడా 2017లో కార్మిక శాఖ వాళ్ల స్కీములో కలిపేశారు.

ఇప్పుడు అమెరికా సంగతి చెప్తాను, మనకెందుకు అనుకోవద్దు, కొంచెం ఓపిక పట్టండి. నార్త్ కరోలినాలో కన్నపొలిస్ అని ఊరు, తువ్వాళ్లు నేసే మిల్లు చుట్టూనే పుట్టిన ఊరు. 2003 జులై 30న పిల్లోటెక్స్ అనే కంపెనీ ఆ మిల్లు మూసేసింది, ఆ ఒక్క రాష్ట్రంలోనే సుమారు 4,800 మంది రోడ్డున పడ్డారు. చవకగా దిగుమతయ్యే సరుకుతో పోటీపడలేకపోవడం అందులో పెద్ద కారణం. అక్కడ 1962 నుంచి ఒక పథకం ఉండేది, ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్ అని. ముగ్గురు వర్కర్లు కలిసి అర్జీ పెట్టినా చాలు, కార్మిక శాఖ వాళ్లు ఎంక్వైరీ చేసి, వీళ్ల ఉద్యోగం దిగుమతుల వల్ల పోయింది అని సర్టిఫై చేసేవాళ్లు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ముక్కే. కారణం గడిలో వర్కర్ తప్పు రాసేవాళ్లు కాదు, దేశం తీసుకున్న వ్యాపార నిర్ణయం రాసేవాళ్లు.

ఆ సర్టిఫికెట్ వస్తే ట్రైనింగ్ ఖర్చు, నిరుద్యోగ భృతి అయిపోయాక కూడా వారం వారం డబ్బులు, వేరే ఊళ్లో పని దొరికితే సామాను తరలించడానికి సాయం. చిన్నప్పటి నుంచి మిల్లులోనే ఉండి హైస్కూల్ కూడా పూర్తి చేయనివాళ్లు చాలామంది ఆ ఊళ్లో పక్కనున్న కాలేజీలో మళ్లీ పుస్తకం పట్టుకున్నారు. అయితే యాభై దాటిన మనిషికి కంప్యూటర్ నేర్పిస్తే ఉద్యోగం వస్తుందా అంటే, నాకు నమ్మకం లేదు అండి. అందుకే 2002లో వాళ్లు ఇంకోటి కలిపారు, యాభై దాటినవాళ్లు తక్కువ జీతానికి వేరే పనిలో చేరితే పాత జీతానికీ కొత్త జీతానికీ ఉన్న తేడాలో సగం ప్రభుత్వం ఇచ్చేది, రెండేళ్ల పాటు, మొత్తం 10,000 డాలర్ల దాకా. మన లెక్కలో చెప్పాలంటే, మిల్లులో 14,000 వచ్చే అక్క ఇప్పుడు 9,000కి చేస్తుంటే నెలకి 2,500 చేతికి వచ్చేది అన్నమాట. 2022 జులై నుంచి కొత్త అర్జీలకి సర్టిఫికెట్ ఇవ్వడం ఆగిపోయింది, వాళ్ల పార్లమెంటు గడువు పెంచలేదు. అంటే అక్కడ కూడా ఇది గట్టి హక్కేమీ కాదు. అయినా ఆ పద్ధతి మనం అడగదగ్గదే అని నా అభిప్రాయం.

ఎందుకంటే ఇక్కడా జరిగేది అదే కదా. 2011 నుంచి బంగ్లాదేశ్ రెడీమేడ్ బట్టలు సుంకం లేకుండా వస్తున్నాయి, కొనేవాళ్లకి చవక, తప్పని నేను అనను. పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం 2025 ఆగస్టులో కొన్ని నెలల పాటు ఎత్తేశారు, మిల్లుకి ఊరట, చిలకలూరిపేట వైపు పత్తి రైతుకి దెబ్బ. నూలు మిల్లు ఆగడానికి కరెంటు బిల్లు కూడా కారణమే, అన్నీ దిగుమతుల మీదకి తోసేయను. కానీ ఢిల్లీలో సుంకం మారితే గుంటూరులో ఎవరి పని పోయిందో రాసిపెట్టే పుస్తకం ఒక్కటి కూడా లేదు, నా కోపమంతా దాని మీదే.

అమ్మ ఆ తర్వాత మిర్చికి వెళ్లింది, తొడిమలు తీసే పని. రాత్రి అన్నం కలుపుకోలేకపోయేది, చేతులు మంట, కొబ్బరినూనె రాసుకుని చెంచాతో తినేది. ముడి వేసే వేళ్లు అవి.

కాబట్టి ఇవాళ మీకు నేను చెప్పేది ఒకటే. ఈఎస్‌ఐ, అంటే జీతంలోంచి కోసే కార్మికుల బీమా, ఉన్నవాళ్లకి రెండు దారులున్నాయి. రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన ఒకటి, ఫ్యాక్టరీ మూసేసినా, రిట్రెంచ్ చేసినా, అంటే పని లేదని తీసేసినా, మొదటి ఏడాది జీతంలో 50 శాతం, రెండో ఏడాది 25. రెండోది 2018లో వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన, సగం జీతం, 90 రోజుల దాకా, దీని గడువు 2026 జూన్ దాకా పెంచారు. రెండింటికీ షరతులున్నాయి, రాజీనామా అని ఉంటే మాత్రం దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే అక్కా, సంతకం అడిగితే ఆ కాగితం ముందు ఫోన్‌లో ఫొటో తీసుకుని ఇంటికి తెచ్చుకోండి, కారణం అనే చోట ఏముందో పిల్లలతో చదివించుకోండి.

వెనక టేబుల్ దగ్గర మన కుర్రాళ్లు ఇద్దరున్నారు, పే స్లిప్, ఈఎస్‌ఐ నంబరు, పీఎఫ్ నంబరు తెచ్చినవాళ్లు అక్కడికి వెళ్లండి, జెరాక్స్ మేమే తీయిస్తాం. కాంట్రాక్టర్ కింద చేస్తున్నవాళ్లు కూడా రండి, స్లిప్ లేకపోయినా బ్యాంకులో జీతం పడిన ఎంట్రీ ఉంటే చాలు, అక్కడి నుంచి మొదలుపెడదాం.