నడక ఒక్కటే చాలదు మామయ్యా

శ్రోతలకు నమస్కారం.

మా మామయ్యకు 74 ఏళ్లు. ఎండైనా మంచైనా, తెల్లారి ఐదింటికల్లా ఆర్కే బీచ్‌లో ఉండాల్సిందే. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి వుడా పార్కు దాకా వెళ్లొస్తారు. మొన్న ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచారు. అలాంటి మనిషి ఇంట్లో, మంచం పక్కనే పడ్డారు. నిలబడి ప్యాంటు తొడుక్కుంటుంటే బొటనవేలు అంచుకు తట్టుకుంది. రెండో కాలు ఆపలేకపోయింది. చెయ్యి ఆనించబోతే మణికట్టు విరిగింది.

"రోజూ అంత నడిచేవాణ్ణి, నాకేంటమ్మా ఇలా?" అన్నారు. నేను ఫిజియోథెరపిస్టుని. ఒకే ఇంట్లో ఉండి నేనూ కనిపెట్టలేదు.

నడక గుండెకూ షుగరుకూ మంచిదే, మానకండి. కానీ నిలకడ వేరే విద్య. చదునైన రోడ్డు మీద ఒకే తీరుగా నడిచేవారికి తూలే అవసరం రాదు. తూలకపోతే నిలదొక్కుకోవడం ఒళ్లు మరిచిపోతుంది. లోపలి చెవి, కళ్లు, అరికాళ్లు... ఈ మూడూ పంపే కబుర్లను కలుపుకునే మెదడు మనల్ని నిలబెడుతుంది. వయసుతో మూడూ మందగిస్తాయి, తొడ కండరం పలచబడుతుంది. రాత్రి లైటు వేయకుండా బాత్‌రూముకి వెళ్తే కళ్ల సాయమూ పోయినట్టే.

65 దాటినవాళ్లలో ఏటా దాదాపు మూడోవంతు మంది ఒక్కసారైనా పడతారు. 2019లో వందకు పైగా పరిశోధనలను కలిపి చూస్తే, వ్యాయామం చేసేవాళ్లు పడటం సుమారు 23 శాతం తగ్గింది. నిలకడనూ కాళ్ల బలాన్నీ పెంచే వ్యాయామాలకు గట్టి రుజువు ఉంది. ఉత్త నడకకు అంత రుజువు దొరకలేదు. ఈ మాట చెబితే మా వాకర్స్ మిత్రులకు కోపం వస్తుంది, తెలుసు.

పట్టీ విప్పాక మామయ్యను గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టాను. చేతులు గుండెల మీద కట్టుకుని అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో లెక్కపెట్టాను. 70 నుంచి 74 ఏళ్ల మగవారు కనీసం 12 సార్లు లేవాలి, ఆడవారు 10 సార్లు. మామయ్య ఏడు దగ్గరే ఆగిపోయారు. ఎనిమిదోసారి చెయ్యి తనంతట తానే కుర్చీని పట్టుకుంది. ఆ పరీక్షే ఆయనకు వ్యాయామం కూడా అయింది. రోజూ అదే, నెమ్మదిగా. కూర్చునేటప్పుడు ఒక్కసారిగా కూలబడకుండా దిగాలి, కష్టమంతా అక్కడే ఉంది.

తర్వాత వంటింటి గట్టు. ఒక చెయ్యి గట్టు మీద ఉంచి, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు తాకేలా నిలబడి పది అంకెలు లెక్కపెట్టాలి. అలా పది సెకన్లు ఆగలేకపోతే పడే ముప్పు ఎక్కువని అర్థం. అది వచ్చాక అడుగులో అడుగేసి గట్టు పొడవునా నడవాలి. అదీ కుదిరాక ఒంటికాలి మీద. చిన్నప్పుడు తొక్కుడు బిళ్ల ఆడినవాళ్లకు కొత్తేం కాదు. అత్తయ్య మామయ్య కంటే ముందే నిలబడి చూపించింది! వారానికి కనీసం మూడు రోజులు చేయాలి, మానేస్తే వచ్చిన పట్టు కూడా పోతుంది.

లేచి నిలబడగానే కళ్లు తిరిగేవారు, బీపీకో నిద్రకో మాత్రలు వాడేవారు ముందు డాక్టరుకు చూపించుకోండి. ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. ఒకసారి పడినవారికి భయం ఉంటుంది. ఆ భయంతో కదలడం తగ్గిస్తే కాళ్లు ఇంకా బలహీనమవుతాయి. అందుకే పక్కన మనిషినో గట్టునో ఉంచుకుని చేయమంటాను.

ఇప్పుడు మామయ్య 13 సార్లు లేస్తున్నారు. పళ్లు తోముకునేటప్పుడు కూడా ఒంటికాలి మీదే, వాష్ బేసిన్ పట్టుకుని. ప్యాంటు మాత్రం మంచం మీద కూర్చునే తొడుక్కుంటున్నారు.