తాడు తీసే ముందు పార తీయండి

అందరికీ నమస్కారం. బండ్ల దగ్గరికి వెళ్లే ముందు, దిగబడ్డ బండిని బయటికి తీయడం గురించి ఓ పది నిమిషాలు నా మాట వినండి.

కొన్నేళ్ల కిందట గోదావరి ఇసుకలో మా జీపు ఇరుసుదాకా దిగబడింది. పక్క ఊరి నుంచి ట్రాక్టరు, గొలుసు తెచ్చాం. కొక్కేన్ని ముందు బంపర్ కింద కనిపించిన రింగుకి నేనే తగిలించాను. ట్రాక్టరు ఒక్క గుంజు గుంజేసరికి రింగు ఊడి, గొలుసుతో సహా ఎగిరి దాని మడ్‌గార్డుని చీల్చేసింది. డ్రైవరు తల అక్కడికి మూరెడు దూరం. ఆ రింగు కొత్త బండిని లారీ మీద తరలించేటప్పుడు కదలకుండా కట్టేయడానికి పెట్టిందని తర్వాత తెలిసింది.

అందుకే ఎవరైనా "అన్నా, ఏ తాడు కొనమంటావు?" అని అడిగితే, ముందు నీ బండి కింద పడుకుని చూసిరా అంటాను. ఛాసిస్‌కి బోల్టులతో బిగించిన, లాగడానికే చేసిన కొక్కెం ముందొకటి, వెనకొకటి ఉండాలి. ట్రాలీ తగిలించే బంతికి మాత్రం తాడు వేయొద్దు. ఆస్ట్రేలియాలో అది విరిగి ఎగిరి తగిలి మనుషులు చనిపోయారు.

ఇక తాళ్లు. దుకాణంలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పాలిస్టర్ పట్టీ పెద్దగా సాగదు. ఆగిపోయిన బండిని రోడ్డు మీద మెల్లగా లాక్కెళ్లడానికే అది. నైలాన్‌తో చేసిన స్నాచ్ స్ట్రాప్ దాదాపు 20 శాతం సాగుతుంది, కైనెటిక్ రోప్ ఇంకాస్త ఎక్కువ. లాగే బండి ముందుకెళ్తుంటే తాడు సాగి శక్తిని దాచుకుని, దిగబడ్డ బండిని పైకి తెస్తుంది. నల్లరేగడి బురద చక్రాన్ని పీల్చి పట్టుకున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. లావుగా ఉంటే మేలని మాత్రం అనుకోవద్దు. రెండు బండ్లలో తేలికైనదాని బరువుకి, సామానుతో కలిపి, రెండు మూడు రెట్ల తెగే బలం చాలు. అంతకు మించితే సాగదు, కుదుపంతా కొక్కేల మీదే పడుతుంది.

తాడుని కొక్కేనికి తగిలించే U ఆకారపు ఇనుప లంకె, అదే షాకిల్, దాని మీద ముద్ర చూడండి. 19 మిల్లీమీటర్ల దానిపై 4.75 టన్నులని ఉంటే అది పని చేయించదగ్గ బరువు, విరిగే బరువు కాదు. ముద్రే లేనిదాన్ని ఇంట్లో కుండీ వేలాడదీయడానికి వాడుకోండి. నన్నడిగితే తాడుతో అల్లిన సాఫ్ట్ షాకిల్ కొనమంటాను: తెగినా ఇనుప ముక్క గాల్లోకి లేవదు. పదునైన అంచులు తగలకుండా చూసుకోవాలంతే. రెండు పట్టీలు కలపాల్సొస్తే మధ్యలో ఇనుప షాకిల్ వద్దు. ఒకదాని ఉచ్చులోంచి మరొకటి దూర్చి, ముడి బిగుసుకోకుండా మధ్యలో చుట్టిన పేపరు పెట్టండి.

అయితే ఇన్ని కొన్నాక కూడా నేను ముందు తీసేది పారనే. గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు? చక్రాల ముందు, బండి పొట్ట కింద ఇసుక తోడండి. టైర్లలో గాలి 18 పీఎస్ఐ దాకా దించండి. టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుని పట్టు దొరుకుతుంది. రికవరీ బోర్డులు, అంటే చక్రాల కింద పట్టు కోసం పెట్టే పలకలు, ఉంటే అవి పెట్టండి. సగం సార్లు తాడు బయటికి తీయనక్కర్లేదు. బయటపడ్డాక స్టీరింగు గట్టిగా తిప్పొద్దు, టైరు రిమ్ము వదిలేస్తుంది. రోడ్డెక్కే ముందు కంప్రెసర్‌తో గాలి నింపండి.

తప్పనిసరై లాగాల్సొస్తే, ఇద్దరు డ్రైవర్లు తప్ప అందరూ తాడు పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలో, పక్కకి నిలబడాలి. తాడు మీద తడి గోనెసంచో దుప్పటో వేయండి. సైగలు ఒక్కరే ఇవ్వాలి. మొదటి గుంజు నడక వేగంతోనే. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది; "ఇంకాస్త స్పీడుగా రా బావా" అన్న మాట దగ్గరే ప్రమాదం మొదలవుతుంది. రెండు మూడు గుంజులకి రాకపోతే ఆపి, మళ్లీ తవ్వండి.

విన్చ్, అంటే డ్రమ్ముకి తాడు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం, దాని గురించి ఒక్క ముక్క. డబ్బా మీద రాసిన లాగుడు బలం డ్రమ్ముకి ఆనుకున్న మొదటి వరసలోనే వస్తుంది. పై వరసల్లో తగ్గిపోతుంది. చెట్టుకి కట్టేటప్పుడు వెడల్పు పట్టీ చుట్టండి, ఇనుప తాడు బెరడుని కోసేస్తుంది.

బయట నీడలో నా పాత పట్టీ ఒకటి పరిచాను. అంచు దగ్గర దారాలు లేచాయి. చేత్తో తడిమి చూడండి. ఎక్కడ లేచాయో దొరికాక మీ తాళ్లు కూడా తీసుకురండి, కలిసి చూద్దాం.