జామీను దొరకని ఖైదీ
(కావలిలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, వాయిదాలు చూసుకుని పరుగున వచ్చిన లాయర్ మిత్రులకు నమస్కారం.

జైళ్ల సంస్కరణ అనగానే మనవాళ్లు కూడు, ఫ్యాన్లు, టీవీల దగ్గర ఆగిపోతారు. నార్వేలో 2010లో తెరిచిన హాల్డెన్ జైలు ఫోటోలు చూసి ‘మా హాస్టల్ కంటే నయమే’ అనుకుంటారు. నిజమే, నయమే. కానీ మనకు పనికొచ్చేది ఫిన్లాండ్ అనుభవం. 1950లలో ఇరుగుపొరుగు దేశాలకంటే అక్కడే ఖైదీలు ఎక్కువ. వాళ్లు దొంగతనాల్లాంటి వాటికి శిక్షలు తగ్గించారు, జరిమానాలు ఎక్కువగా వాడారు, 1990లలో చిన్న శిక్షలకు జైలు బదులు సమాజ సేవ పెట్టారు. ఖైదీల సంఖ్య పొరుగు దేశాల స్థాయికి దిగింది. నేరాలు పెచ్చుమీరాయా? స్వీడన్, డెన్మార్క్‌లలో ఎలా నడిచాయో అక్కడా అలాగే నడిచాయి. అమెరికా దీనికి ఎదురు దారి పట్టింది. కాలిఫోర్నియా జైళ్లు కిక్కిరిసిపోతే, జనాన్ని తగ్గించాల్సిందేనని 2011లో అక్కడి సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది.

మన సంగతి వేరు. 2022 చివరికి దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురికి శిక్షే పడలేదు. ఇక మనం శిక్షల గురించి ఏం మాట్లాడతాం?

ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల కాడ కాపలా ఉండే యానాది ఒకడిని ఊహించుకోండి. గుంట నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ మోటారు పోయింది, కేసు వాడి మీద పడింది. బెయిల్ వచ్చింది, ఇద్దరు జామీనుదార్లు కావాలన్నారు. ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో ఉన్నవాడు వీడి కోసం పని మానుకుని కోర్టుకొచ్చి సంతకం పెట్టాలి. ఎవరొస్తారు? గుంట యజమానేమో ఫిర్యాదీ! ఆ యానాది నెల్లూరు దగ్గర చెముడుగుంట సెంట్రల్ జైల్లోనే ఉంటాడు, బెయిల్ ఆర్డరు ఫైల్లో ఉంటుంది. 1978లోనే మోతీరామ్ అనే తాపీమేస్త్రి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ పదివేల జామీనును పక్కనబెట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. అయినా కింది కోర్టుల్లో అలవాటు మారలేదు, మీకు తెలియందేం కాదు.

పుట్టుకతోనే అనుమానితుణ్ణి చేయడం ఈ ఊరికి కొత్త కాదు. కొన్ని తెగలకు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన బ్రిటిష్ కాలపు నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటులో, అంటే కాపలా కాలనీలో పెట్టింది ఈ కావలిలోనే, అమెరికన్ బాప్టిస్టు మిషన్ నిర్వహణలో. పాస్ లేనిదే గడప దాటకూడదు, హాజరు వేయించుకోవాలి. చదువు, పని నేర్పించారన్నదీ నిజమే, కాదనను. ఏ నేరమూ చేయని పిల్లాడికి కూడా హాజరెందుకు అన్నదే నా ప్రశ్న. ఆ చట్టం పోవాలని పోరాడిన వాళ్లలో మన నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు ముందుంటారు. 1952లో దేశమంతటా రద్దయింది. పేరు పోయినా ముద్ర పోలేదు. జైళ్లలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టేసి, రిజిస్టర్లలో కులం గడి తీసేయమన్నది 2024 అక్టోబరులో. అప్పటిదాకా అవి ఉన్నాయన్నమాట!

కొత్త చట్టంలో ఒక మంచి సెక్షనుంది. పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 479. ఇంతకు ముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే, బాండు మీద వదిలేయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. కోర్టుకు రాయాల్సింది జైలు సూపరింటెండెంటే. 2023లో కేంద్రం పేద ఖైదీలకు జామీను సొమ్ము కట్టే పథకమూ పెట్టింది, అప్పట్లో ఒక్కొక్కరికి 40,000 రూపాయల దాకా. ఆ సొమ్ము మంజూరు చేసే కమిటీ కూర్చోవాలి, ఫైలు కదలాలి, అదీ చిక్కు.

లాయర్ మిత్రులకు నాదొకటే మనవి. బెయిలొచ్చీ లోపలే ఉన్నవాళ్లెవరు, 479 కిందికి వచ్చేవాళ్లెవరు అన్న రెండు జాబితాలు ప్రతి నెలా, పేదలకు ఉచిత న్యాయ సాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. అడిగేవాళ్లుంటే జాబితా తయారవుతుంది. ఇక ప్రశ్నలుంటే అడగండి, నెల్లూరు బస్సుకు ఇంకా టైముంది.