గుమ్మం నిలబెట్టిన రోజు నుంచే

అందరికీ నమస్కారం. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, కట్టించేవాళ్లు, మేస్త్రీలు, వడ్రంగులు అందరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి సూటిగా చెబుతాను. కొత్త ఇంటి తలుపులు చాలావరకు మనం ఆ ఇంట్లో ఉండటం మొదలుపెట్టక ముందే పాడవుతాయి. గుమ్మం నిలబెట్టిన రోజుకీ, రంగుల పని ముగిసిన రోజుకీ మధ్య నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో గోడ కట్టేవాళ్లు, ప్లాస్టరింగ్ చేసేవాళ్లు, కరెంటు పనివాళ్లు, టైల్స్ వాళ్లు అందరూ ఆ గుమ్మంలోంచే తిరుగుతారు. ఎవరి పని వాళ్లు బాగానే చేస్తారు. గుమ్మాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి మాత్రం ఒక్కరూ ఉండరు.

చెక్కకు అసలు శత్రువు నీళ్లు. తడి తగిలితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. పొడవులో ఈ తేడా దాదాపు కనిపించదు, వెడల్పులోనే కనిపిస్తుంది. వానలప్పుడు తలుపు పక్కల పట్టేయడానికి కారణం ఇదే. ఇంకో సంగతి, కోసిన కొనల దగ్గర చెక్క నార తెరుచుకుని ఉంటుంది. పక్కల నుంచి కంటే అక్కడి నుంచి నీళ్లు ఎంతో వేగంగా లోపలికి పోతాయి. గుమ్మంలో అలా తెరుచుకున్న కొనలు ఎక్కడున్నాయి? సరిగ్గా నేలకు ఆనుకునే చోట, క్యూరింగ్ నీళ్లు, అంటే సిమెంట్ గట్టిపడటానికి గోడలను తడిపే నీళ్లు, నిలిచే చోట.

అందుకే గుమ్మం నిలబెట్టకముందే దాని అడుగు కొనలకూ, గోడవైపు ఉండే ముఖానికీ ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, రెండుసార్లు కొట్టించండి. గోడ లేచాక ఆ వైపు బ్రష్ పోదు. పాలిష్ చేయించాలనుకుంటే కనిపించే వైపు ప్రైమర్ వద్దు, చెక్క రంధ్రాలను మూసే పల్చటి సీలర్ కోటు వేయించండి. టేకు లాంటి చెక్కలో సహజంగా ఉండే టానిన్లు అనే పదార్థాలకు సిమెంట్ నీళ్ల క్షారం తగిలితే నల్లటి మరకలు పడతాయి. అవి లోపలికి దిగాక గరుకు కాగితంతో ఎంత రుద్దినా ఒక పట్టాన పోవు. ముందు వేసిన ఒక్క కోటు ఆ తిప్పలన్నీ తప్పిస్తుంది.

నిలబెట్టేటప్పుడు గుమ్మం నిటారుగా ఉందో లేదో తూకం గుండు వేలాడదీసి అందరూ చూస్తారు. మూల నుంచి మూలకు రెండు కొలతలు తీసి, అవి సమానంగా ఉన్నాయో లేదో చూసేవాళ్లు తక్కువ. రెండూ కలిస్తేనే గుమ్మం మూలమట్టానికి ఉన్నట్టు. గుమ్మం లోపల అడుగున ఒకటి, నడుమ ఒకటి అడ్డకర్రలు బిగించి, రెండు పక్కలా గోడ లేచి సిమెంట్ గట్టిపడేదాకా తీయనివ్వకండి. తోపుడు బండి పోవడానికి నడుమ కర్ర తీసినా, పని కాగానే మళ్లీ పెట్టించండి. అవి లేకపోతే తడి గోడ ఒత్తిడికి నడుము లోపలికి వంగుతుంది. ఆ వంపు తలుపు బిగించే రోజు దాకా ఎవరి కంటా పడదు.

ప్లాస్టరింగ్ రోజున ఒకసారి తలుపు కూర్చునే గాడిలోకి వంగి చూడండి. గోరంత సిమెంట్ ముద్ద అక్కడ అతుక్కుని ఎండిపోయి ఉంటుంది. తర్వాత తలుపు పూర్తిగా పడదు. గుమ్మం వంకరగా ఉందనుకుని వడ్రంగి మంచి తలుపును చిత్రిక పడతాడు. తడిగా ఉన్నప్పుడే గుడ్డతో తుడిస్తే పోయేదానికి తలుపు అంచు పోతుంది. ఎండాక తాపీతో గీకితే చెక్క నార కూడా లేచిపోతుంది. ప్లాస్టరింగ్ జరుగుతున్నంతసేపూ ఒక మనిషి తడిగుడ్డతో అక్కడే ఉండాలని నేను పట్టుబడతాను.

గుమ్మం అంచులకు నడుము ఎత్తుదాకా ప్లైవుడ్ ముక్కలో, మందపాటి అట్టలో తాడుతో కట్టించండి, మేకులు వద్దు. బండి ఇరుసు, పార, టైల్స్ పెట్టె మూల తగిలేది ఆ ఎత్తులోనే. ప్లాస్టిక్ కవర్ మొత్తం చుట్టేస్తే భద్రమనుకుంటారు, కానీ లోపలి తేమ బయటికి పోలేక బూజు పడుతుంది. ఎండ తగిలే చోట టేపు అంటించి వారాలు వదిలేస్తే జిగురు చెక్కకే మిగిలిపోతుంది. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) తలుపులపై వచ్చే పల్చటి పొర కూడా అంతే, పని కాగానే తీసేయాలి. గోడలకు క్యూరింగ్ కనీసం 7 రోజులు కావాల్సిందే, అందులో పిసినారితనం పనికిరాదు. గుమ్మం కాళ్ల దగ్గర నిలిచిన నీళ్లతో మాత్రం గోడకు ఒరిగేదేమీ లేదు. ఆ మడుగును ఊడ్పించేయండి.

ఇక తలుపులు. నా మాట వింటే వాటిని తొందరపడి బిగించకండి. ప్లాస్టరింగ్ ఆరాలి, ఫ్లోరింగ్ ముగియాలి, టైల్స్ మీద యాసిడ్ కడుగుడు కూడా అయిపోవాలి. ఆ యాసిడ్ ఆవిరికే ఇనుప బందులు తుప్పు పడతాయి. గోడలకు రంగు మొదటి పూతలు పడ్డాక తలుపులు రావాలి. సామాన్లకు భద్రత ఎలాగని అడుగుతారు, న్యాయమైన టెన్షనే. పాత తలుపో, ప్లైవుడ్ పలకో తాత్కాలికంగా పెట్టించండి. అసలు బందులు వచ్చే చోటే దాని బందులూ పెట్టిస్తే గుమ్మానికి వేరే రంధ్రాలు పడవు. తర్వాత కాస్త పొడవు స్క్రూలు వేస్తే పట్టు దొరుకుతుంది.

ముందే వచ్చిన తలుపులను గోడకు చేరేయకండి, వంగిపోతాయి. గాలి ఆడే పొడి గదిలో, నేలకు ఎత్తుగా, ఒకే మట్టంలో ఉన్న మూడు కర్రల మీద పడుకోబెట్టండి. కప్పితే పైనా కిందా రెండు వైపులా కప్పండి. ఒక వైపే ఆరితే తలుపు ఆ వైపుకు గిన్నెలా వంగుతుంది.

బిగించాక కూడా ఒక పని మిగులుతుంది. రంగు వేసేవాళ్లు కంటికి కనిపించేదే వేస్తారు. తలుపు పై అంచు, కింది అంచు పచ్చి చెక్కగానే ఉండిపోతాయి, తేమ అక్కడి నుంచే ఎక్కుతుంది. పై అంచును వేలితో తడమండి. కింద ఒక చిన్న అద్దం పెట్టి చూడండి. రంగు లేకపోతే తలుపు దింపించి వేయించాకే డబ్బులివ్వండి.

చివరగా కాంట్రాక్టు రాసుకునేటప్పుడు గుమ్మాలకు అట్టలు ఎవరు కట్టాలి, ఊడితే మళ్లీ ఎవరు కట్టాలి, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది అన్న మూడు మాటలూ అందులో రాయించండి. ప్లాస్టరింగ్ మేస్త్రీకి ఆఖరి చెల్లింపు చేసే ముందు గుమ్మాలన్నీ అతనితో కలిసే ఒక్కొక్కటిగా చూసుకోండి.