నోబీగా మారిన నోబితా

సభకు వచ్చిన తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

డోరేమాన్ ఎవరో ఈ హాల్లో పిల్లలకి నేను చెప్పక్కర్లేదు. పెద్దల కోసం రెండు ముక్కలు. ఫుజికో ఎఫ్. ఫుజియో 1969 చివర్లో బొమ్మల కథగా మొదలుపెట్టిన ఈ నీలం రోబో పిల్లి, నోబితా అనే పిల్లాడికి సాయంగా భవిష్యత్తు నుంచి వచ్చిన పిల్లి, 1979 నుంచి టీవీ ఆసాహీ చానల్లో వస్తోంది. 2005లో జపాన్‌లో కొత్త గొంతులతో, కొత్త బొమ్మలతో సీరీస్‌ను మళ్ళీ మొదలుపెట్టారు. మన దేశానికి హిందీలో వచ్చింది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. అమెరికాలో మాత్రం డిస్నీ ఎక్స్‌డీ అనే చానల్లో 2014 జూలైలో గానీ మొదలవలేదు.

అలా వెళ్ళేటప్పుడు చాలా మార్చారు. నోబితా నోబీ అయ్యాడు. అతని తోటి పిల్లల్లో జియాన్ బిగ్ జీ, సునియో స్నీచ్, షిజుకా స్యూ అయ్యారు. కథ జరిగే ఊరు కూడా అమెరికాలోనే ఉన్నట్టు చూపించారు. యెన్ నోట్లు డాలర్లయ్యాయి. భోజనం బల్ల మీద జపాన్‌వాళ్ళు అన్నం తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) పోయి ఫోర్కులు వచ్చాయి, అన్నం కూరిన ఆమ్లెట్ పాన్‌కేక్ అయింది. వీధిలో చిలగడదుంపలు కాల్చి అమ్మే బండి పాప్‌కార్న్ బండిగా మారింది. దుకాణాల బోర్డులన్నీ ఇంగ్లీషులోకి వచ్చాయి. జపాన్‌లోని హక్కుదార్లు కూడా కలిసి, ఒప్పుకునే చేసిన పని ఇది. డిస్నీ వాళ్ళు తమంతట తాము కోసి అతికించారని అనుకోకండి.

వీటన్నిటిలో నన్ను బాగా పట్టుకున్నది పరీక్ష కాగితం. జపాన్ ఎపిసోడ్లో నోబితా దాన్ని మడిచి, ఎక్కడ దాచాలా అని ఇల్లంతా వెతుకుతాడు. దాని మీద పెద్ద సున్నా. వందకి సున్నా. అమెరికా ప్రసారంలో అదే కాగితం, అదే చెయ్యి, సున్నా ఉన్నచోట ఎఫ్ గ్రేడు. అక్కడి బళ్ళలో తప్పినవాళ్ళకి ఎఫ్ ఇస్తారు కదా, పిల్లలకి తేలిగ్గా తెలుస్తుందని అలా చేసి ఉంటారు. కానీ ఎఫ్ చాలామందికి వస్తుంది. నలభై వచ్చినవాడికీ వస్తుంది. సున్నా అలా కాదు. ఒక్కటంటే ఒక్క జవాబు కూడా రాలేదని అది చెబుతుంది. నోబితా అంటేనే ఆ సున్నా. అంత చేతకాని పిల్లాడు కాబట్టే భవిష్యత్తు నుంచి ఒక రోబో అతని కోసం రావలసి వచ్చింది. ఆ అంకె తీసేస్తే కథకి కారణమే పలచబడుతుంది. పైగా సున్నా ఏ దేశం పిల్లలకి తెలియదు?

అన్ని మార్పులూ తప్పని నేను అనను. జపాన్ ఎపిసోడ్లలో డోరేమాన్‌ని చూసి తనూకి అనుకుంటారు. అది కుక్క జాతికి చెందిన అడవి జంతువు. ఆ మాట వింటే డోరేమాన్‌కి ఒళ్ళు మండిపోతుంది. అమెరికా పిల్లలకి ఆ జంతువు తెలియదు కాబట్టి సీల్ అని మార్చారు. నవ్వు నిలబడింది, ఎవరికీ నష్టం లేదు. షిజుకా స్నానం చేస్తుంటే నోబితా అక్కడ ఊడిపడే సన్నివేశాలు కత్తిరించినా నాకు అభ్యంతరం లేదు. మన దేశంలోనే షిన్‌చాన్ అనే మరో జపాన్ కార్టూన్ మీద తల్లిదండ్రుల ఫిర్యాదులొచ్చి 2008లో ఆగిపోయింది, తర్వాత కత్తిరింపులతో మళ్ళీ వచ్చింది. ఏ వయసు పిల్లలు ఏం చూడాలన్నది ఒక ప్రశ్న. ఈ కథ ఏ ఊరిదన్న సంగతే పిల్లలకి తెలియకుండా చేయడం పూర్తిగా వేరే సంగతి. నా గొడవ రెండోదాని మీదే.

ఎందుకంటే మన పిల్లల్ని చూడండి. ఇక్కడి ప్రసారంలో నోబితా నోబితాగానే ఉన్నాడు. చాపల మీద పడుకుంటాడు, పుల్లలతో తింటాడు, డోరాకేక్ అనే జపాన్ మిఠాయి కోసం డోరేమాన్ ప్రాణం పెడతాడు. ఏ పిల్లాడైనా ఇది మనది కాదు, నాకు అర్థం కాలేదని టీవీ కట్టేశాడా? వాళ్ళకి అమ్మ తిట్లు అర్థమయ్యాయి, హోంవర్క్ టెన్షన్ అర్థమైంది, పాట పాడి ప్రాణం తీసే జియాన్ అర్థమయ్యాడు. మిగతాది చూస్తూ చూస్తూ నేర్చుకున్నారు.

భాష దగ్గర ఇంకో కథ ఉంది. 2013లో బంగ్లాదేశ్ ప్రభుత్వం డోరేమాన్ హిందీ ప్రసారాన్ని నిషేధించింది. బొమ్మలతో పేచీ లేదు. పిల్లలు బెంగాలీ పక్కన పెట్టి హిందీ మాట్లాడుతున్నారన్నది అక్కడి దిగులు. మన ఇళ్ళల్లోనూ, “మావాడికి హిందీ కార్టూన్లు చూసే వచ్చిందండీ” అని మురిసిపోయే తల్లిదండ్రులున్నారు. హిందీ రావడం మంచిదే. అయితే పిల్లాడు అలిగినప్పుడు, బతిమాలేటప్పుడు వాడే మాటలు కూడా టీవీ నుంచే వస్తాయి. అందుకే తెలుగు డబ్బింగ్ రాసేవాళ్ళ మీద నాకు గౌరవం ఎక్కువ, ఆశ కూడా ఎక్కువే. పేర్లు, తిండి, ఇల్లు జపాన్‌వే ఉంచండి. అమ్మ తిట్టేటప్పుడు మాత్రం అచ్చంగా తెలుగమ్మలాగే తిట్టించండి.

ఇప్పుడు మన దగ్గర తయారైన బొమ్మలు కూడా బయటి దేశాలకి వెళ్తున్నాయి. ఛోటా భీమ్ తీసిన గ్రీన్ గోల్డ్ సంస్థ మన హైదరాబాద్‌దే. వాళ్ళ మైటీ లిటిల్ భీమ్ 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అందులో భీముడు ఇంకా మాటలు రాని పసివాడు, సంభాషణలు దాదాపు ఉండవు, డబ్బింగ్ బెడదే లేదు. లడ్డూల కోసం పాకుతూ ఇల్లు పీకి పందిరేస్తాడు. దీపావళి మీద, గాలిపటాల పండగ మీద విడిగా ఎపిసోడ్లు కూడా తీశారు. ఆ లడ్డూ ఏ దేశానికి వెళ్ళినా లడ్డూగానే వెళ్ళింది.