డాలర్లు తీసుకుని మందు రాయని డాక్టర్ | చిన్నోడి విరేచనాల కథ | ఫ్రిస్కో, టెక్సస్

హాయ్ అండీ, బాగున్నారా అందరూ? ఈ వీడియో మా పెద్దమ్మ కోసం. మా చిన్నోడికి విరేచనాలు పట్టుకున్నాయని తెలిసినప్పటి నుంచి వాట్సాప్‌లో ఆవిడది ఒకటే ప్రశ్న. "అన్ని డాలర్లు పోసి తీసుకెళ్తే ఒక్క యాంటీబయాటిక్ కూడా రాయలేదా? అదేం డాక్టరమ్మా!" అని. రాయలేదు పెద్దమ్మా. వాడికి అదే సరైన వైద్యం. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా విను.

మన దగ్గరైతే వీధి చివర మెడికల్ షాపుకెళ్లి విరేచనాలంటే చాలు, ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన యాంటీబయాటిక్ మాత్రలు చేతిలో పెట్టేస్తారు. ఇక్కడ డాక్టర్ చీటీ లేకపోతే యాంటీబయాటిక్ ఏ షాపులోనూ ఇవ్వరు. మావాడికి జ్వరం, కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు. మర్నాటికి రక్తపు చారలు కూడా కనిపించేసరికి నాకు కాళ్లాడలేదు. డాక్టరమ్మ మాత్రం తాపీగా వాడి నాలుక చూసింది, కళ్లు లోపలికి పోయాయేమో చూసింది, ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా, ఒంటేలు ఎప్పుడు పోశాడు అని అడిగింది. మల పరీక్షకి ఒక డబ్బా ఇచ్చి, ఓఆర్‌ఎస్ పట్టించమని చెప్పి పంపించేసింది. ఆ పరీక్షకి ఇన్సూరెన్స్ పోగా మా చేతి నుంచి 212 డాలర్లు పడింది. మన డబ్బుల్లో 18,000 పైమాటే. ఆ డబ్బుతో ఊళ్లో మా వీధి పిల్లలందరికీ ఏడాదికి సరిపడా ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కొనొచ్చు.

పరీక్షలో సాల్మొనెల్లా అని వచ్చింది. బ్యాక్టీరియానే. మరి బ్యాక్టీరియా అని తేలాక కూడా యాంటీబయాటిక్ ఎందుకివ్వరని నేనూ అడిగాను. ఆవిడ నెమ్మదిగా విడమర్చి చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో సాల్మొనెల్లా మామూలుగా నాలుగు నుంచి ఏడు రోజుల్లో దానంతటదే తగ్గుతుందట. యాంటీబయాటిక్ వేసినా ఆ రోజులు తగ్గవు, పైగా మలంలో ఆ క్రిమి ఇంకొన్నాళ్లు ఎక్కువగా మిగిలిపోవచ్చట. మూడు నెలల లోపు పసిపిల్లలకీ, రోగనిరోధక శక్తి బాగా తక్కువగా ఉన్నవాళ్లకీ, క్రిమి రక్తంలోకి పాకినవాళ్లకీ మాత్రం ఇస్తారు. ఇంకో మాట చెప్పింది, అది విన్నాక నాకు పరీక్ష ఖర్చు బాధ పోయింది. ఈ-కోలై అనే ఇంకో బ్యాక్టీరియాలో ఓ157 అని ఒక రకం ఉంది. అది షిగా టాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. రక్త విరేచనాలు దానివల్లే అయితే, కొన్ని యాంటీబయాటిక్స్ వల్ల ఆ విషం మరింత బయటికొచ్చి పిల్లల కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం పెరుగుతుందట. అందుకే రక్తం కనిపిస్తే ఇక్కడ మామూలుగా ఏ క్రిమో తెలుసుకోకుండా యాంటీబయాటిక్ వేయరు.

సరే, ఓఆర్‌ఎస్ కోసం షాపుకెళ్లాను. ఆ వరస నిండా గులాబీ రంగు సీసాలే, పెప్టో-బిస్మాల్. ఇక్కడ కడుపులో ఏం తేడా చేసినా పెద్దవాళ్లు అదే తాగుతారు. అందులో ఆస్పిరిన్ జాతి మందు ఉంటుంది కాబట్టి పిల్లల విషయంలో జాగ్రత్త, పన్నెండేళ్ల లోపు వాళ్లకైతే డాక్టర్ని అడగాలని సీసా మీదే రాసి ఉంది. పక్కనే విరేచనాలు టక్కున ఆపే లోపెరమైడ్. జ్వరం, రక్తం ఉన్న పిల్లలకి అది అసలు వద్దని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. క్రిమి బయటికి పోవాల్సిన సమయంలో పేగుల కదలికని ఆపేస్తుంది. చివరికి పీడియలైట్ అని, నీళ్లలో కలిపే అమ్మే ఓఆర్‌ఎస్ లాంటిది, లీటరు సీసా తీసుకున్నాను. 6 డాలర్ల 49 సెంట్లు, అంటే దగ్గర దగ్గర 570 రూపాయలు! మన దగ్గర లీటరుకి సరిపడా ప్యాకెట్ ఇరవై, పాతిక రూపాయలకి వస్తుంది. పైగా మన ప్యాకెట్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ఉంటుంది: లీటరు నీళ్లకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ఇంకా పొటాషియం, సిట్రేట్.

ఇది చెప్పేటప్పుడు నాకు ఒళ్లు పులకరిస్తుందండీ. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్ బంగావ్‌లో శరణార్థుల శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపి ప్యాకెట్లు కట్టించి, నీళ్లలో కలిపి తాగించమని బంధువుల చేతికే ఇచ్చారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగాయి. పేగు గోడలో ఒక తలుపు ఉందనుకోండి, ఉప్పు, చక్కెర చేయి చేయి పట్టుకుని వస్తేనే అది తెరుచుకుంటుంది, వాటి వెనకే నీళ్లూ లోపలికి వెళ్తాయి. అందుకే ఉత్త నీళ్లు చాలవు, బాగా తీపి జ్యూసులైతే ఇంకా నష్టం. 2023లో ఆయనకి మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు. ఇప్పుడు అమెరికాలో నా కొడుకు తాగేది మన గడ్డ మీద రుజువైన వైద్యమే.

జ్యూసులంటే గుర్తొచ్చింది. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు కదా, తీపి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మకూడదని. 2025 అక్టోబరులో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశం ఇచ్చింది. ఇకనైనా ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసే కొనండి.

రాత్రిళ్లే కష్టం. వాంతి చేసుకున్నాక గ్లాసుతో ఇస్తే మళ్లీ కక్కేస్తాడు. అందుకని అయిదు మిల్లీలీటర్ల సిరంజితో, సూది లేనిదేలెండి, బుగ్గలోకి కొంచెం కొంచెంగా వదలడం, రెండు మూడు నిమిషాలు ఆగడం, మళ్లీ వదలడం. మా ఆయనకి తెల్లారి ఆఫీసు కాల్స్. అమ్మ పక్కన ఉంటే, 'నువ్వు కాసేపు పడుకోవే, నేను చూస్తా' అనేది కదా అనిపించింది. తగ్గడం మొదలయ్యాక గంజిలో ఉప్పు, మజ్జిగన్నం, అరటిపండు పెట్టాను. కడుపు మాడ్చొద్దు, మామూలు తిండే పెట్టమంది డాక్టరమ్మ.

ఈలోగా కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి ఫోన్! ఇక్కడ సాల్మొనెల్లా వస్తే ల్యాబ్ వాళ్లు ప్రభుత్వానికి చెప్పి తీరాలి. ఫోన్ చేసినావిడ ఎంత ఓపిగ్గా అడిగిందో! వారం రోజులుగా ఏం తిన్నాడు, గుడ్లు ఎక్కడ కొన్నారు, తాబేళ్లు, బల్లులు పెంచుతారా, కోళ్లని ముట్టుకున్నాడా... కోళ్లు అనగానే వెలిగింది. మా ఫ్రెండ్ వాళ్ల పెరట్లో కోడిపిల్లల్ని పెంచుతున్నారు, మావాడు వాటిని వదిలితే ఒట్టు. చూడ్డానికి శుభ్రంగా ఉన్న కోళ్లలో కూడా ఈ క్రిమి ఉండొచ్చట. ముద్దు పెట్టుకోవద్దు, ముట్టుకోగానే సబ్బుతో చేతులు కడగాలి అని చెప్పింది. ఒక్క పిల్లాడి విరేచనాల గురించి ప్రభుత్వం ఫోన్ చేసి ఇంత శ్రద్ధగా అడగడం నాకు భలే నచ్చింది.

ప్రోబయాటిక్స్, అంటే పేగులకి మేలు చేస్తాయనే మంచి బ్యాక్టీరియా, ఇవ్వమంటారా అని డాక్టరమ్మని కూడా అడిగాను. 2018లో అమెరికా, కెనడాల్లో పిల్లల మీద చేసిన రెండు పెద్ద పరీక్షల్లో లాభం కనిపించలేదట. కానీ సీ-డిఫ్ అనే ఇంకో క్రిమి ఉంది. అది ఎక్కువగా యాంటీబయాటిక్స్ వాడాకే వచ్చి, పెద్దవాళ్లలో మాటిమాటికీ తిరగబెడుతుంది. అది మళ్లీ రాకుండా ఆరోగ్యవంతుల మలంలోని మంచి బ్యాక్టీరియాని వేరుచేసి క్యాప్సూల్స్‌గా ఇస్తున్నారు! వౌస్ట్ అని, 2023లో ఇక్కడ అనుమతి వచ్చింది. రోజుకి నాలుగు చొప్పున మూడు రోజులు. ఆ పన్నెండు క్యాప్సూల్స్ ధర మొదట్లో 17,500 డాలర్లు పెట్టారు. మన డబ్బుల్లో 15 లక్షల పైనే.

చివరిగా గుంటూరులో ఉన్న మా మరదలికి, వాళ్ల పిల్లకీ విరేచనాలే. ఇక్కడ డాక్టర్లు జింక్ అంతగా రాయరు, ఈ పిల్లల్లో లోపం తక్కువ కాబట్టి. మన దగ్గర మాత్రం ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ తప్పకుండా వేయాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకి 10. విరేచనాలు తగ్గిపోయాయని మూడో రోజే ఆపేయొద్దు, డాక్టర్ రాసినట్టు పది నుంచి పద్నాలుగు రోజులు పూర్తిగా వేయి. పిల్ల మగతగా ఉన్నా, ఒంటేలు ఆగినా, తాగింది తాగినట్టు కక్కేస్తున్నా ఇంట్లో చూస్తూ కూర్చోకు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లు. జింక్ చుక్కలు దొరకట్లేదన్నావు కదా, నీళ్లలో కరిగే మాత్రలు ఆశా కార్యకర్త దగ్గర ఉంటాయి, అడుగు. చిన్నోడి స్కూల్ బస్ వచ్చే టైమైంది, ఉంటానండీ.